అమ్మ రంగుకుండలో నా బ్లాక్‌బెల్టు

అండమాన్ దీవుల మొత్తానికి బ్లాక్‌బెల్టు కట్టిన మొదటి మనిషిని నేనే. హాడో రేవులో క్రేను పక్కన నిలబడి, ఒంటి చేత్తో, ఒక్క దెబ్బకి పదిహేను బంగాళా పెంకులు పగలగొట్టాను. ఆ చప్పుడికి జెట్టీకి కట్టిన ఓడ కెప్టెను, తాడు తెగిందేమోనని పైకి పరిగెత్తుకొచ్చి తొంగి చూశాడు. ఈ కథ పెళ్లిచూపుల్లో చెప్పాను, చర్చి యువజన కూటాల్లో చెప్పాను, రిటైర్మెంటు రోజు ఆఫీసులో మైకు లాక్కుని మరీ చెప్పాను. పదిహేను పెంకులన్నది రిటైర్మెంటు నాటి సంఖ్య. పెళ్లిచూపులప్పుడు ఏడే. నిజానికి అవి రెండు. ఆ రెండూ ముందే పగులు చూసి ఏరుకున్నవి. కెప్టెను రాలేదు, ఆ పూట జెట్టీలో ఓడే లేదు. ఇవన్నీ ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. కాకపోతే "మొదటి మనిషిని" అన్న ఒక్క ముక్క మాత్రం నిఖార్సయిన నిజమని నిరుడు వానాకాలం దాకా నేనే నమ్మాను.

నిరుడు వానల్లో, మా మనవరాలు నేర్చుకునే కరాటే క్లబ్బు వాళ్లు నలుగురు మిడిల్ పాయింట్‌లో మా ఇంటికొచ్చారు. చెప్పులు గుమ్మం బయట వరసగా విప్పి, వరసగా నిలబడి, వరసగా వంగారు. "దాదాజీ, దీవుల్లో ఫస్ట్ బ్లాక్‌బెల్ట్ మీరేనట కదా. యాన్యువల్ డే నాడు మీకు శాలువా కప్పాలని కమిటీ తీర్మానం చేసింది" అన్నారు. నేను వద్దు వద్దంటూనే శాలువా ఏ రంగని అడిగాను. వాళ్లలో పెద్దవాడు కొంచెం నసిగాడు. "సర్టిఫికెట్ కాపీ ఒకటి కావాలి దాదాజీ. రూల్ హై." మనవరాలు ఎగిరి గంతేసింది. దాని బెల్టు విమానంలో పార్శిల్ వస్తుంది. దాని సర్టిఫికెట్ మీద గళ్లగళ్ల బొమ్మ ఒకటుంటుంది, దానికి ఫోను చూపిస్తే పేరూ ర్యాంకూ వాటంతటవే కనబడతాయి. "తాతా, నీదేదీ?" అంది. "ఆ ఏడు తుఫానుకి ఓడలో తడిసి ముద్దయిపోయిందమ్మా" అన్నాను. నలభై ఏళ్ల పైచిలుకు చెప్పిచెప్పి నోటికి అరిగిపోయిన మాట. ఆ సర్టిఫికెట్ తడవలేదు. అసలు రానేలేదు. ఎందుకు రాలేదో నేనెప్పుడూ అడగలేదు.

శాలువా మీద ఆశ చెడ్డది. ఏదో ఒక కాగితం దొరక్కపోతుందా అని, అమ్మ పోయాక ఎవరూ ముట్టుకోని నాన్న ట్రంకుపెట్టె దించాను. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన, దాని కింద కరక్కాయ వాసన. పాత ఖాకీ చొక్కా మడతల్లో నా బ్లాక్‌బెల్టు ఉంది. తీయబోతే తడిసిన అప్పడంలా చేతిలోనే ముక్కలయింది. దాని కింద నాన్న బైబిలు, బైబిలు మధ్యలో లక్క ముద్ర విరిగిన ఒక కవరు. ఆ కవరు నాకు తెలుసు. నా జీవితంలో అంతకంటే గొప్ప కవరు మరొకటి లేదు. దాన్ని నేను లోపలివైపు ఎన్నడూ చూడలేదని అప్పుడు తట్టింది. అందులో ఏముందో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతీ, మా కరాటే ఫెడరేషన్ సంగతీ చెప్పాలి.

మా నాన్న ఏసుపాదం మేస్త్రి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి, హాడో రేవులో బస్తాలు మోసి, పోనుపోను మేస్త్రి అయ్యాడు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద కూడా ఆయనే. పొద్దున్నే అయిదింటికి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ దావీదు కీర్తనలు గట్టిగా చదివేవాడు. క్వార్టర్లలో ఆ వరసంతా ఆ గొంతుకే లేచేది, బెంగాలీ వాళ్లూ మలయాళీ వాళ్లూ సహా. రేవులో పెట్టెలు పగిలినప్పుడు మేకులు కుప్పలుగా పడుండేవి. ఎవరికి కావలసినన్ని వాళ్లు ఏరుకుపోయేవాళ్లు. నాన్న జేబులో ఒక్క మేకు ఇంటికి రాలేదు. గోడకి క్యాలెండరు తగిలించాలంటే బజారుకెళ్లి మేకు కొనుక్కొచ్చేవాడు. "రేవుది రేవుకే" అనేవాడు. అమ్మ నెత్తి కొట్టుకునేది.

కరాటేని మా దీవికి తెచ్చింది దాస్ బాబు. రేవు పవర్‌హౌస్‌లో ఎలక్ట్రీషియను, సన్నగా పొడుగ్గా టెలిఫోను స్తంభంలా ఉండేవాడు. కలకత్తాలో బ్రౌన్‌బెల్టు దాకా నేర్చుకుని వచ్చాడు. వారానికి మూడు రోజులు, రేవు సైరన్ మోగేలోపు, బడి మైదానంలో మా పాతికమందికీ నేర్పేవాడు. మోకాళ్లు వంచి గుర్రం మీద కూర్చున్నట్టు నిలబెట్టి, సైరన్ మోగేదాకా లేవనిచ్చేవాడు కాదు. షిఫ్టు సైరన్ కోసం రేవు కూలీలు కూడా మా అంత ఎదురుచూడలేదు. వానాకాలంలో మైదానం చెరువైపోతే మా చర్చి వెనకున్న హాల్లో నేర్చుకునేవాళ్లం. బెంచీలు గోడవారకి జరిపి, ఆదివారానికి మళ్లీ సర్దాలి. అక్కడొక పేచీ వచ్చింది. కరాటేలో ముందు గురువుల పటానికి వంగాలి. పటానికి మొక్కడం కుదరదని సంఘం పెద్దలు అడ్డం పడ్డారు. నాన్న రెండు రోజులు ఆలోచించి, పటం తీసేయమన్నాడు. అలా మేం ఖాళీ గోడకి వంగేవాళ్లం. ఇద్దరు తలపడే ముందు మాత్రం ఒకరికొకరు వంగి, చర్చిలో పలకరించుకున్నట్టు "వందనాలు" అనుకోవాలి. కొట్టుకోబోయే ముందు వందనాలు చెప్పుకునే కరాటే ప్రపంచంలో మాదొక్కటే అయుంటుంది.

ఏడాది తిరక్కుండానే దాస్ బాబు దాన్ని ఫెడరేషన్ చేస్తానన్నాడు. మద్రాసులో ఉన్న పెద్ద సంఘానికి మేం శాఖ అవుతామట. ఒక సాయంత్రం మా వరండాలో కూర్చుని, అమ్మ వేయించిన చేపముక్కలు తింటూ అడిగాడు.

"మేస్త్రీజీ, ప్రెసిడెంట్ కుర్చీలో మీరే కూర్చోవాలి."

"నాకు కొట్టడం రాదు కదా బాబూ."

"అందుకే! కొట్టడం వచ్చినవాడు కూర్చుంటే తన చేలాలకే, శిష్యులకే, బెల్టులు పంచుకుంటాడు."

ఆ మాట నాన్నకి బాగా పట్టింది. నియమావళి నాన్నే రాశాడు, చర్చి తీర్మానాలు రాసే నిలువు అక్షరాలతో. కమిటీలో అయిదుగురు. ఏటా వానలు వెలిశాక అందరం హాల్లో కూడి, చేతులెత్తి ఎన్నుకోవాలి. తెల్లబెల్టుకి ఓటు లేదు. పసుపు నుంచి పైవాళ్లకే ఉంది. శిక్షణ సంగతి దాస్ బాబుది, డబ్బుల డబ్బా తాళం నుంచి హాలు తాళం దాకా కమిటీది. పరీక్ష పెట్టి ర్యాంకు ఇచ్చేది మాత్రం బ్లాక్‌బెల్టు ఉన్నవాడే. అటువంటివాడు దీవిలో లేడు కనక మద్రాసు నుంచి మాస్టారు ఏడాదికోసారి ఓడలో రావాలి. దీవిలోనే ఒక బ్లాక్‌బెల్టు తయారైతే, ఇక ఓడ కోసం చూడక్కర్లేదు. ఆ మనిషే ప్రధాన శిక్షకులు, బ్రౌన్ దాకా ఎవరి ర్యాంకైనా వాళ్ల మాటే చివరి మాట. అన్ని నియమాలకీ పైన, గీత కొట్టి మరీ రాశాడు నాన్న: కుర్చీ వేరు, బెల్టు వేరు. అధ్యక్షుడు ర్యాంకుల జోలికి పోరాదు.

మరి బెల్టులో? మద్రాసు నుంచి రావాలంటే నెలలు పట్టేది, వచ్చినా సగం మంది నడుముకి చాలేవి కాదు. అందుకని మా దీవిలో ఒక పద్ధతి పడింది. ప్రతివాడికీ జీవితానికి ఒకటే బెల్టు. తెరచాప గుడ్డ మడిచి కుట్టిన తెల్లబెల్టు. ర్యాంకు పెరిగినప్పుడల్లా అదే బెల్టుని మా అమ్మ రంగులో ముంచేది. అమ్మ పుట్టింటివాళ్లు వలలకి బెరడు కషాయం పట్టించేవాళ్లు, రంగు ఆమె చేతిలో ఉంది. పసుపుబెల్టుకి పసుపే. నారింజకి అదే పసుపులో సున్నం. ఆకుపచ్చకి ఏ ఆకు నూరి ముంచినా చెమటకి దిగిపోయి ప్యాంటు పచ్చబడేది. రెండేళ్లు చూసి, కమిటీ ఏకగ్రీవంగా ఆకుపచ్చ ర్యాంకునే రద్దు చేసింది. నారింజ మీంచి తిన్నగా బ్రౌన్‌కి దూకాలి. దానికి మడచెట్ల బెరడు కషాయం, అది మాత్రం రాయిలా నిలిచేది. పసుపుతో చిక్కుండేది. మూడు నెలలు ఎండలో తిరిగితే వెలిసిపోయి, వాడి ర్యాంకు సూర్యుడే దించేసేవాడు. ఓటుహక్కు కూడా పోయినట్టేనా అని ఒకసారి సర్వసభ్య సమావేశంలో గంటన్నర వాదన జరిగింది.

అమ్మకి ఒకటే నియమం. దాస్ బాబు చేత్తో రాసిన చీటీ తేవాలి. ఫలానావాడికి ఫలానా రంగు. నేనొకసారి చీటీ లేకుండా నారింజ వేయించుకోబోయాను. "సీటీ ఏదిరా? సీటీ నేకపోతే కుండలో ఎయ్యను. కడుపున పుట్టినోడివైనా అంతే" అని గరిటె చూపించింది. పెరట్లో మూడు కుండలు, పులిసిన బెరడు వాసన, పక్క పొయ్యి మీద చేపల పులుసు వాసన, తీగ మీద వరసగా ఆరుతున్న మా ర్యాంకులు. ఎవడు పైకెళ్లాడో, ఎవడు ఆగిపోయాడో తీగ చూస్తే తెలిసిపోయేది.

అయిదో ఏటికి ఆ తీగ మీద బెరడు రంగు బెల్టులు రెండే మిగిలాయి. ఒకటి నాది. రెండోది సుగుణది. సుగుణ మా క్వార్టర్ల వరసలోనే, రేవులో సరుకెత్తే వించ్ నడిపే అప్పలస్వామి కూతురు. మా నాన్నని మావయ్యా అనేది, నన్ను రేయ్ అనేది. మొదట్లో ఆడపిల్లని చేర్చుకోవాలా వద్దా అని కమిటీ తర్జనభర్జన పడితే, "నియమావళిలో మనిషి అని రాశాను, మగమనిషి అని రాయలేదు" అని నాన్నే తేల్చాడు. దాన్ని నేను రోజూ ఓడించేవాణ్ణని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. మా తలపడటాల్లో దెబ్బ తగలకుండా వెంట్రుకవాసిలో ఆపాలి. అదే విద్య అనేవాడు దాస్ బాబు. సుగుణ పిడికిలి నా ముక్కు ముందు ఆగేది. నాది దాని మొహానికి తగిలేది. కాబట్టి నేనే గెలిచినట్టు నా లెక్క.

బ్లాక్‌బెల్టు పరీక్షకి మా ఇద్దర్నీ నిలబెట్టారు. నాకప్పుడు పంతొమ్మిది. గెలిచినవాళ్లే ప్రధాన శిక్షకులవుతారని అందరికీ తెలుసు. అమ్మ మూడు వారాల ముందే నల్లరంగు మొదలుపెట్టింది. కరక్కాయల కషాయం ఒక కుండలో, తుప్పు మేకులు నానేసిన బెల్లం నీళ్లు ఇంకో కుండలో. గుడ్డని ముందు ఇందులో, తర్వాత అందులో ముంచితే కాటుకలా నల్లబడుతుంది. రేవులో బండెడు తుప్పు మేకులుండగా, నాన్న బజారులో కొత్త మేకులు కొనుక్కొచ్చి సముద్రపు నీళ్లు చల్లి తుప్పు పట్టించాడు. మద్రాసు మాస్టారు పొట్టి మనిషి, మాట తక్కువ. రోజంతా మమ్మల్ని పిండాడు. పెంకులు పగలగొట్టించాడు. చివర మా ఇద్దర్నీ తలపడమన్నాడు. వందనాలు చెప్పుకున్నాం. నా గుద్దుకి సుగుణ పెదవి చిట్లి రక్తం కారింది. చూడటానికొచ్చిన జనం హో అన్నారు. సుగుణ పెదవి తుడుచుకుని, ఒకసారి నా గొంతు ముందు, ఒకసారి కణత ముందు, ఒకసారి గుండె ముందు పిడికిలి ఆపింది. మాస్టారు ఏదో రాసుకున్నాడు.

ఆయన ఫలితం ఎప్పుడూ చెప్పేవాడు కాదు. కాగితం కవరులో పెట్టి, లక్క ముద్రేసి అధ్యక్షుడి చేతికిచ్చి ఓడెక్కేసేవాడు. ఓడ రాస్ ద్వీపం దాటాకే దాన్ని విప్పాలి. అది దీవి మీద తేలిగ్గా అర్థమయ్యే తెలివి. ఫలితం చెప్పాక పారిపోవడానికి ఇక్కడ ఇంకో బస్సుండదు, ఓడ వచ్చేదాకా ఫెయిలైనవాళ్ల అన్నదమ్ముల మధ్యే తిరగాలి. ఆ ఏడు ఆ ఓడలోనే దాస్ బాబు కూడా బదిలీ మీద వెళ్లిపోయాడు. మేమంతా ఏడుస్తూ జెట్టీ మీద చేతులూపాం. సుగుణ మాస్టారిదీ దాస్ బాబుదీ సామాను మోస్తూ ఓడ నిచ్చెన దాకా వెళ్లొచ్చింది.

ఓడ కనుమరుగయ్యాక హాల్లో చేరాం. బెంచీలన్నీ నిండిపోయాయి. నాన్న పెన్సిలు చెక్కే చాకుతో లక్క విప్పాడు. కాగితం చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ చదివాడు. తలెత్తి ముందు కమిటీ పెద్దల వైపు, తర్వాత నా వైపు చూశాడు. "సామేలు" అన్నాడు. కీర్తనలతో వరసంతా లేపే మనిషి, ఆ ఒక్క పేరు ముందు బెంచీకి వినపడేలా మాత్రం అన్నాడు. "సామేలు ఉత్తీర్ణుడు." ఎవరు మొదలుపెట్టారో గానీ చప్పట్లు, ఏ రాజు పట్టాభిషేకానికీ అన్ని మోగవు, రేకుల కప్పు అదిరిపోయింది. ఎంతసేపటికీ ఆగలేదు. మూడో బెంచీలో సుగుణ లేచి నిలబడింది. దాని పెదవులు కదులుతున్నాయి. వాపు తగ్గని ఆ పెదవులతోనే నాకు అభినందనలు చెబుతోందని నేనూ పెద్దమనసుతో చెయ్యి ఊపాను.

ఆ సాయంత్రం అమ్మ యథాప్రకారం చీటీ అడిగింది. నాన్న తనే రాసిచ్చాడు. అమ్మ దాన్ని పొయ్యి వెలుగులో తిప్పి తిప్పి చూసింది. "ఇది దాస్ బాబు రాత కాదు." "బాబు లేడు కదా, నేను రాశాను" అన్నాడు నాన్న. అమ్మ బెల్టు ముంచింది. పిండేటప్పుడు నల్లనీళ్లు మోచేతుల దాకా కారాయి. వారం దాకా ఆ నలుపు వదల్లేదు.

మరుసటి నెల చర్చిలో ప్రభుబల్ల ఆదివారం నాన్న, రొట్టే ద్రాక్షరసం పాత్రా తన దాకా వస్తే, తాకకుండా పక్కవాడికి అందించాడు. ఆ పై నెలా అంతే. కొన్నాళ్లకి సంఘం పెద్దరికం వదిలేశాడు, తర్వాత ఫెడరేషన్ కుర్చీ కూడా. షుగరు వ్యాధి వచ్చిందనీ, ద్రాక్షరసం పడదనీ అమ్మ అందరికీ చెప్పింది. కొడుకు ఎదిగాడు కనక తండ్రి తప్పుకున్నాడని నేను చెప్పుకున్నాను. చచ్చిపోయేదాకా ఆయన మళ్లీ ఆ పాత్ర ముట్టలేదు. ఆయనకి షుగరు లేదు. కాఫీలో మూడు చెంచాల పంచదార వేసుకునేవాడు. అది నా కళ్లెదుటే కదా, నలభై ఏళ్లు నేనేం చూసినట్టు?

ప్రధాన శిక్షకుడిగా నా పాలన గొప్పగా సాగిందని ఇక్కడ రాయాలి. అది వింటే మా మనవరాలే నవ్వుతుంది. నేను నేర్పినవాళ్ల పెదవులన్నీ చిట్లాయి. పాతికమంది పదిమందయ్యారు. మరుసటేడు మాస్టారు రాలేదు. మద్రాసులో వాళ్ల సంఘం రెండు ముక్కలై, ఏ ముక్క అసలుదో తేలక కోర్టుకెళ్లారట. మూడో ఏటికి నాకు హార్బర్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, ఫెడరేషన్ దానంతటదే కరిగిపోయింది. సుగుణ నర్సయింది. మిన్నీ బేలో వాళ్ల పెరట్లో ఆడపిల్లలకి సాయంత్రాలు ఏవో చేతులు తిప్పడం నేర్పుతోందని వినేవాణ్ణి. బెల్టుల్లేవు, పరీక్షల్లేవు. "ర్యాంకులు లేని కరాటే, ఉప్పు లేని పప్పు" అని వెక్కిరించేవాణ్ణి.

ఇప్పుడు కవరు సంగతి. లోపల ఒకే కాగితం, టైపు చేసిన రెండు పేర్లు, ఎదురుగా మాస్టారి సిరారాత, ఇంగ్లీషులో. సుగుణ: ఉత్తీర్ణురాలు. సామేలు: దెబ్బలో నిగ్రహం లేదు, ఏడాది ఆగి రావాలి. నేను పెట్టె పక్కన నేల మీద కూర్చుని మళ్లీ చదివాను. మొదట మాస్టారు పొరపాటున పేర్లు తారుమారు చేశాడనుకున్నాను. చూశారా, అప్పుడు కూడా నా బుద్ధి ఎటు పోయిందో. తర్వాత కాగితం తిప్పాను. వెనక నాన్న నిలువు అక్షరాలు, పెన్సిలుతో: "ఇందులో ఉన్నది నేను సభలో చదవలేదు. ఏసుపాదం." అంతే. తేదీ లేదు, కారణం లేదు. మేకు ముట్టని మనిషి. కుర్చీ వేరు, బెల్టు వేరు అని గీత కొట్టిన మనిషి. ఒప్పుకోని తప్పుతో ప్రభుబల్ల ముట్టకూడదని ఆ పాత్రని పక్కకి దాటించిన మనిషి. ఆడపిల్ల ముందు రేవు పిల్లలు వంగరని పెద్దలెవరైనా ముందే చెవిలో వేశారో, లేక ముందు బెంచీలో మెడ నిక్కించి కూర్చున్న నా మొహమే ఆయన్ని అలా చేయించిందో, ఎవర్నడిగి తెలుసుకోను? దాచిపెట్టాడు గానీ తగలబెట్టలేదు. ఆయన చేసింది చూసి ఎంత నిర్ఘాంతపోయానో, దాన్ని అన్నేళ్లు బైబిల్లో పెట్టుకుని రోజూ తెరిచాడని తలచుకుని అంతకంటే నిర్ఘాంతపోయాను.

ఆ మధ్యాహ్నమే వానలో మిన్నీ బే వెళ్లాను. సుగుణ వరండాలో కూర్చుని చేప పొలుసు తీస్తోంది. కాగితం చేతికిచ్చాను. కత్తి పక్కన పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివింది. దాని మొహంలో ఏమీ మారలేదు.

"ఏటిరా, ఇప్పుడా తెస్తున్నావు?" అంది.

"నీకు తెలుసా?"

"మాస్టారు ఓడ నిచ్చెన మీదే చెప్పాడు. నువ్వు పాసయ్యావు బేటీ, ఓడ దాటేదాకా నోరు మూసుకో అన్నాడు. దాస్ భయ్యా కూడా విన్నాడు."

అంటే హాల్లో నాన్న నా పేరు చదివినప్పుడు ఈ మనిషికి అంతా తెలుసు. లోపల గోడకి దాని బెల్టు వేలాడుతోంది. అమ్మ ముంచిన బెరడు రంగు అలాగే ఉంది. నాది కరక్కాయా తుప్పూ కలిసి లోపల్నుంచి తినేశాయి, ఇనుము నలుపు గుడ్డని బతకనివ్వదని అమ్మ అప్పుడే చెప్పింది. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావే?" అన్నాను. "నీకు నిజంగా గుర్తులేదా?" అంది. "ఏటి?" అన్నాను. "ఏం లేదు. చాయ్ తాగు."

ఇంటికొచ్చి క్లబ్బు వాళ్లకి ఫోను చేసి, మొదటి బ్లాక్‌బెల్టు నేను కాదు, మిన్నీ బే సుగుణమ్మ అని చెప్పాను. కాగితం ఫొటో కూడా పంపించాను. తర్వాత నెల పట్టి ఇదంతా రాశాను. చివర్న, సుగుణ గొప్పదనం గురించి ఒక పేజీ రాశాను: మా నాన్న పరువు కోసం, నా సంతోషం కోసం, తనకు రావలసినది వదులుకుని నిండు సభలో పెదవి విప్పలేదని. రాస్తూ రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను. మా మనవరాలికి తెలుగు మాటలొచ్చు గానీ చదవడం రాదు, అందుకని చదివి వినిపించే పని లేకుండా కాగితాలు తిన్నగా సుగుణకే పట్టుకెళ్లాను.

సాయంత్రం, పెరట్లో ఏడెనిమిది మంది ఆడపిల్లలు జంటలుగా నిలబడి ఉన్నారు. వంగి "వందనాలు" అనుకున్నారు, క్రైస్తవులూ కానివాళ్లూ అందరూ. పిడికిళ్లు గాలిలోకి లేచి మొహాల ముందు ఆగుతున్నాయి. సుగుణ మెట్ల మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. పెంకుల దగ్గర ముక్కుతో నవ్వింది. కుండల దగ్గర మా అమ్మని తలుచుకుని "మార్తమ్మత్త" అని గొణిగింది. ప్రభుబల్ల దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుంది. క్లబ్బుకి నేను ఫోను చేసిన సంగతి చదివి, "ఆ శాలువా పట్టుకుని నా గుమ్మం తొక్కారంటే దాంతోనే నిన్ను తీగకి ఆరేస్తాను" అంది. ఆఖరి పేజీ, నేను ఏడుస్తూ రాసిన పేజీ, రెండుసార్లు చదివింది. తర్వాత ఆ ఒక్క కాగితం విడిగా తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇది చింపెయ్. నీ కోసం నేనేం వదులుకోలేదు. మీ నాన్న నీ పేరు అనగానే లేచాను. మావయ్యా, ఆ కాగితం అందరికీ చూపించండి అని మూడుసార్లు అరిచాను. ముందు బెంచీలోంచి నువ్వు వెనక్కి తిరిగి నన్ను చూశావు. చూసి, చప్పట్లు మొదలుపెట్టింది నువ్వే."